ఊకున్న పోగు

సిరిసిల్ల నల్లనూలు మిల్లులో పొద్దున ఏడింటి షిఫ్టుకి వచ్చేవాళ్లు లోపలి తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, వేలితో గొంతు కింద తాకుతారు. అప్పటిదాకా వరండాలో పిల్లల జ్వరాల గురించీ, పప్పులోకి దొరకని చింతచిగురు గురించీ సిరిసిల్ల మాటలో ముచ్చటించుకున్న మనుషులే తలుపు దాటగానే చక్కటి ఇంగ్లీషులో పలకరించుకుంటారు. గొంతులు వాళ్లవే, మాటలు మాత్రం వేరు. 2066 వచ్చేసరికి దీన్ని వింతగా చూసేవాళ్లు లేరు.

గొంతు కింద అంటించుకునే ఆ పలచటి పొరకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు వోకల్ బ్రిడ్జ్. జనం నుడిపట్టీ అన్నారు. మనిషి మాట్లాడబోయేటప్పుడు మెదడు నుంచి గొంతు కండరాలకి వెళ్లే నాడీ సంకేతాల్ని అది పట్టుకుంటుంది. నోట్లోంచి వచ్చే అసలు శబ్దాన్ని ఎదురు తరంగాలతో అణిచేసి, అదే గొంతుతో, అదే హెచ్చుతగ్గులతో ప్రామాణిక ఇంగ్లీషు వినిపిస్తుంది. అవతలివాళ్ల ఇంగ్లీషుని చెవి వెనక ఎముక ద్వారా మన ఇంటి యాసలోకి మార్చి చెబుతుంది. పట్టీకి రెండే స్థితులు, 'ఇల్లు', 'కొలువు'. ఒకసారి తాకితే ఇది, మళ్లీ తాకితే అది.

ఆ మిల్లులో అడెపు హన్విక సాంచల మేస్త్రి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఆమెకి నలభై ఎనిమిదేళ్లు, అందులో ఇరవై ఎనిమిదేళ్లు సాంచల పక్కనే గడిచాయి. వాళ్ల బాపు, అంటే నాన్న కాలంలో ఆ ఊళ్లో పాలిస్టర్ గుడ్డ నేసేవారు. ఇప్పుడు కర్బన నానోనాళికల నుంచి తీసిన నల్లనూలుతో జానెడు వెడల్పు పట్టాలు నేస్తున్నారు. భూమి మీద నుంచి అంతరిక్ష కేంద్రం దాకా నిలువుగా సాగి, సామాన్ల పెట్టెలు పాకుతూ ఎక్కాల్సిన నభోసూత్రానికి, అంటే స్పేస్ టెథర్‌కి, ఆ పట్టాలే ఆధారం. పది దేశాల ఇంజనీర్లు మిల్లుకి వస్తూ పోతూ ఉంటారు కాబట్టి తలుపు లోపల అందరిదీ ఇంగ్లీషే.

హన్విక ఒకప్పుడు ఇంజనీరింగు కాలేజీలో చేరింది. మొదటి సంవత్సరం వైవాలో, బెల్టు మీద లాగుడు ఎక్కడ ఎక్కువ ఉంటుందని అడిగారు. ఆ సంగతి ఆమెకి ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు, బాపు సాంచ మీద చేతులు పెట్టి చూసింది. జవాబు తెలుగులో నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంగ్లీషులో మొదటి మాట కూడా దొరకలేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. లెక్చరర్ మంచివాడు, పరవాలేదు కూర్చోమ్మా అన్నాడు. ఆ నవ్వు కంటే ఆ మంచితనమే ఆమెని ఎక్కువ కోసింది. ఆ సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చి, చదువు మీద మనసు లేదని బాపుతో చెప్పింది. ఆయన ఎందుకని అడగలేదు. ఆమె పుస్తకాల్ని పాలిస్టర్ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆయన పోయినా ఆ మూట అక్కడే ఉంది.

నుడిపట్టీ వచ్చేసరికి ఆమెకి ముప్పై దాటాయి. చదువు వయసు అయిపోయిందనుకుంది. అలా అనుకుంటూనే, మిల్లుకి ఎవరైనా కొత్త ఇంజనీరు వస్తే వాళ్ల వెనకే తిరిగి, ఎందుకు, ఎట్లా అని అడిగి విసిగించేది.

ఆ ఏడాది కరీంనగర్ శివార్లలోని నభోసూత్ర విద్యాలయం ఒక ప్రకటన చేసింది. పదేళ్లకి పైగా నల్లనూలు పని చేసినవాళ్లు ఇంటర్ చదివి ఉంటే చాలు, ఒక్క మౌఖిక పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరవచ్చు. కూతురు నైనిక తల్లిని అడక్కుండానే దరఖాస్తు పంపేసింది. పరీక్షకి ఒక్కటే గట్టి నియమం. లోపల ఉన్నంతసేపూ అందరూ నుడిపట్టీ 'కొలువు' స్థితిలోనే ఉంచాలి. యాసని బట్టి ఎవరికీ మేలుగానీ కీడుగానీ జరగకూడదన్నది దాని ఉద్దేశం. పట్టీ తీసినవాళ్లు పరీక్షలో లేనట్టే.

హన్వికకి ఆ నియమం నచ్చింది. కాలేజీ రోజుల్లో అలాంటిది ఉండి ఉంటే తన బతుకు ఇంకోలా ఉండేదని కూతురితో అంది.

పరీక్షకి మూడు వారాల ముందు విద్యాలయం వాళ్లు డాక్టర్ ఉరుకుందమ్మని మిల్లుకి పంపారు. నుడిపట్టీని కనిపెట్టింది ఆమే. అరవై ఏళ్ల మనిషి, పొట్టి జుట్టు, నూలు చీర. మిల్లు మాటలు పట్టీకి సరిగ్గా అందడం లేదని ఫిర్యాదులు రావడంతో, పని తెలిసిన ఒక మనిషి మాటల్ని రికార్డు చేసుకోవడానికి వచ్చింది. పదకొండు రోజులు హన్విక సాంచ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేది. హన్విక చెవిలో అది సిరిసిల్ల మాటగా పడేది. కాబట్టి ఆ డాక్టరమ్మ సొంత ఊరి మాట ఏదో హన్వికకి తెలియలేదు, అడగాలని తోచనూ లేదు.

పదకొండో రోజు హన్విక ఒక కోరిక కోరింది. ఇన్నేళ్లుగా చెవిన పడుతున్నా అర్థం కాకుండా తన గొంతులోంచి బయటికి ఏం పోతోందో ఒకసారి చూడాలని ఉందంది. ఉరుకుందమ్మ ఆమె మాట్లాడిన నాలుగు వాక్యాలకి పట్టీ చెప్పిన ఇంగ్లీషుని కాగితం మీద తీసి ఇచ్చింది. హన్విక కూడబలుక్కుని చదివింది. నాలుగింటిలోనూ చివర ఒకే మాట ఉంది.

"నాలుగు తీర్ల చెప్పిన మేడం. గిది నాలుగుసార్లూ వీక్ అనే అన్నది," అంది.

సాంచల మీద పనిచేసేవాళ్లకి నల్లపోగు జబ్బులు నాలుగు రకాలు. పోగు అలుగుతుంది, గునుగుతుంది, మూల్గుతుంది, ఊకుంటుంది. పట్టీ దృష్టిలో నాలుగూ బలహీనమైన పోగులే. ఉరుకుందమ్మ ఆ కాగితాన్ని తన దగ్గరికి లాక్కుంది. పట్టీ తన మాటల్ని కోట్ల పుస్తకాల నుంచి నేర్చుకుందనీ, ఈ మిల్లు ఏ పుస్తకంలోనూ లేదనీ, పుస్తకంలో లేని మాట వస్తే దగ్గరగా ఉన్నది ఏరుకుని సర్దేస్తుందనీ వివరించింది. సరిదిద్దవచ్చు గానీ నెల పడుతుంది. పరీక్ష ఇంకో పది రోజుల్లో ఉంది.

ఆ రోజు నుంచి హన్విక మధ్యాహ్నం అన్నం గంటలో ఇంగ్లీషు పుస్తకం తెరవడం మొదలుపెట్టింది. పట్టీ ఉండగా ఈ బాధ ఎందుకని నైనిక అడిగింది. లెక్కలు యంత్రం చేస్తుందని ఎక్కాలు మానేస్తామా అని హన్విక వాదించలేదు.

"నా నోట్లెకెల్లి ఏం పోతుందో నాకు తెల్వాలె గద బిడ్డా," అని మాత్రం అంది.

పరీక్ష రోజు గదిలో బల్లకి అవతల ఇద్దరున్నారు. ఒకరు ఉరుకుందమ్మ. ఇంకొకరు విద్యాలయం అధిపతి డాక్టర్ సూరాడ ధనరాజు. ఆయన ఇంగ్లీషు ఎంత నున్నగా ఉంటుందంటే, లండన్‌లో పుట్టి పెరిగాడని విద్యార్థులు చెప్పుకుంటారు. ఆయన ఒక చిన్న ఇనుప చట్రాన్ని ముందుకి జరిపాడు. అందులో నాలుగు నల్లపోగులు బిగించి ఉన్నాయి. కంటికి నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కోదానికి ఏమైందో చెప్పమన్నాడు.

ఆ ప్రశ్న ఉత్తపుణ్యానికి అడిగింది కాదు. అంతకు ముందు ఏడాది నలభై కిలోమీటర్ల ఎత్తు పరీక్షలో పట్టా నాలుగుసార్లు తెగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ, ఒక్కసారి కూడా సెన్సర్లు ముందుగా చెప్పలేకపోయాయి. కారణం దొరక్క నభోసూత్రం పని మొత్తం ఆగిపోయింది. ఈ నాలుగూ ఆ పట్టాల మిగులు ముక్కల్లోంచి తీసినవే.

హన్విక వంగి, ఒక్కో పోగునీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టి వింది. తర్వాత ఒక్కోదాని సంగతీ నిదానంగా చెప్పింది. తన సొంత గొంతు నాలుగుసార్లు వీక్, వీక్ అనడం ఆమెకి వినపడింది.

ధనరాజు అడిగింది ఆమె చెవిలో సిరిసిల్ల మాటై పడింది. "నాలుగూ గట్టిగ లేవంటున్నవు గదమ్మా. మరి ముందుగాల తెగేదేది?"

ఆమె నాలుగోదాన్ని చూపించి కారణం చెప్పింది. పట్టీ మళ్లీ అదే మాట అంది. ధనరాజు కలం కాగితం మీద ఏదో చిన్న గీత గీసింది. ఆయన మొహంలో కోపం లేదు. పరవాలేదు, వెళ్లి రామ్మా అనబోతున్న మంచితనం ఉంది. ఆ మంచితనాన్ని హన్విక గుర్తుపట్టింది.

ఆమె గొంతు కింద చెయ్యి పెట్టి నుడిపట్టీని ఊడబెరికింది. ఉరుకుందమ్మ వద్దన్నట్టు చెయ్యి చాపింది. అప్పటికే ఆలస్యమైంది.

"సార్, గీ పట్టీ నా మాటను మింగుతున్నది," అంది హన్విక. "నన్ను పాస్ చెయ్యకున్నా మంచిదే. చెప్పేది ఒక్కసారి ఇనుండ్రి. గీ మొదటిది అలిగింది. సలికి అలుగుతది, జరసేపు ఇడిసిపెడితే మల్ల మంచిగైతది. రెండోది గునుగుతున్నది. పక్కపోగుతోని రాసుకుంటున్నది, సాంచ సరిజేస్తే సాలు. మూడోది మూల్గుతున్నది, లోపట సన్నసన్నగ ఇరుగుతున్నది. అయినా వారం దినాలు ఆగుతది. గీ నాలుగోదే సార్, ఊకున్నది. మీటితే సప్పుడు లేదు. చూస్తానికి అన్నిట్లకన్న నున్నగుంటది. గంట లోపట్నే తెగుతది. మీ సెన్సర్లు సప్పుడు జేసేదాన్ని పట్టుకుంటయి. ఊకున్నదాన్ని మంచిదనుకుంటయి."

పట్టీ లేదు కాబట్టి, ఇప్పుడు ఆయన ఏమన్నా తనకి ఇంగ్లీషుగానే వినిపిస్తుందని హన్వికకి తెలుసు. అర్థమైనంత అర్థం చేసుకుందామని చెవి రిక్కించింది.

ధనరాజు మెల్లగా తన గొంతు దగ్గర వేలు పెట్టాడు.

"ఏటన్నావమ్మా? ఊరుకుందన్నావా?" అన్నాడు.

హన్విక తెల్లబోయింది. అది శ్రీకాకుళం సముద్రపొడ్డు మాట.

"మా అయ్య వలతాడుని ఇలాగే మీటీసి సూసీవోడు," అన్నాడు ధనరాజు, చట్రంలోని నాలుగో పోగు మీద చూపు నిలిపి. "తాడు ఊరుకుందంటే ఆ రోజు ఏటకెళ్లీవోడు కాదు. ఇంట్లో తిండి లేకపోనా ఎళ్లీవోడు కాదు. నాను ఇంత సదువూ సదివి ఆ ముక్క మరిసిపోనాను."

పక్కన ఉరుకుందమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆమె కూడా తన పట్టీ తాకింది.

"పదకొండేండ్ల నుంచి నీ పక్కనే కూచుంటాండా కదప్పా ధనరాజూ. నువ్వు లండన్లో చదివినావేమో అనుకుంటి. నీ ముందర నోరు తెరవాలంటే భయపడి, నేను ఒక్కనాడు కూడా పట్టీ తీసిండ్లేదు."

మీది ఏ ఊరని ధనరాజు అడిగాడు. ఆదోని దగ్గర పల్లె అని ఆమె చెప్పింది. ఇరవై మూడేళ్ల వయసులో తన మొదటి సెమినార్‌లో అందరూ నవ్వితే, ఆ కసితోనే ఈ పట్టీ పని మొదలుపెట్టానని కూడా చెప్పింది. లండన్ మాటకొస్తే, ధనరాజు ఆ ఊరికి ఒక్కసారే వెళ్లాడట. అదీ రెండు రోజులకి. అక్కడ చలికి జ్వరం వచ్చి హోటల్ గది దాటలేదట. తర్వాత ఆ ముగ్గురూ మాట్లాడుకున్న తీరు పరీక్షలా లేదు. మూడు జిల్లాలవాళ్లు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నట్టు ఉంది.

నాలుగు పోగుల్నీ అక్కడికక్కడే లాగుడు యంత్రంలో పెట్టారు. మూడు నిలిచాయి. నాలుగోది నలభై మూడో నిమిషంలో, చప్పుడు లేకుండా తెగింది. యంత్రం తెర మీద ఆఖరి క్షణం దాకా దాని పక్కన పచ్చదీపమే వెలుగుతోంది.

నియమం సంగతి మిగిలింది. పరీక్షకుల అనుమతి లేకుండా పట్టీ తీస్తేనే తప్పు అని ధనరాజు నియమావళిలో వెతికి పట్టుకున్నాడు. తాను అనుమతి ఇచ్చాననీ, కాస్త ఆలస్యంగా ఇచ్చాననీ నివేదికలో రాశాడు. ఉరుకుందమ్మ సంతకం చేసింది.

అలా హన్విక నలభై ఎనిమిదో ఏట రెండోసారి కాలేజీలో చేరింది. ఆ ఉదయం అటక మీది మూట విప్పి చూసింది. పుస్తకాలు పసుపెక్కాయి గానీ బాగానే ఉన్నాయి. బాపు లోపల వేపాకులు కూడా పెట్టి ఉంచాడు.

సెన్సర్ల లెక్క మార్చారు. చప్పుడుని మాత్రమే కాక, ఉండాల్సిన చప్పుడు లేకపోవడాన్ని కూడా పట్టుకునేలా చేశారు. మరుసటి ఏడాది నలభై కిలోమీటర్ల పరీక్షలో పట్టా నిలిచింది. ఆ పరిశోధన పత్రంలో నాలుగు జబ్బుల పేర్లకీ ఇంగ్లీషు మాటలు వెతకలేదు. అలుగుడు, గునుగుడు, మూల్గుడు, ఊకుండుడు అని ఉన్నవి ఉన్నట్టే పెట్టారు. పది దేశాల ఇంజనీర్లు ఆ నాలుగో మాట పలకలేక పడ్డ అవస్థ చూసి మిల్లంతా వారం రోజులు నవ్వుకుంది.

ఉరుకుందమ్మ హన్విక పట్టీలో మూడో స్థితి ఒకటి చేర్చి ఇచ్చింది. దాని పేరు 'బడి'. అందులో పట్టీ ఏమీ మార్చదు. మనిషి సొంతంగా ఇంగ్లీషు మాట్లాడుతుంటే, తప్పుల్ని చెవిలో మాత్రం చెబుతుంది. సాంచల మధ్య నడుస్తూ హన్విక దానితో పోట్లాడేది.

"ఈ వాక్యంలో 'ది' అవసరం లేదు," అనేది పట్టీ, పుస్తకాల తెలుగులో.

"మొన్న గావాలంటివి గద."

"మొన్నటి వాక్యంలో అవసరం."

"నీకే నిలకడ లేదు. మల్ల నాకు నేర్పుతవ్," అనేది హన్విక. అయినా ఒక్క రోజు కూడా మానలేదు.

నాలుగేళ్లకి డిగ్రీ వచ్చింది. విద్యాలయంలోనే ప్రయోగశాల పాఠాలు చెప్పమన్నారు. ఆ ఎండాకాలం మొదటిసారి ఆమె పరీక్ష బల్లకి అవతలి పక్క, ధనరాజు పక్కన కూర్చుంది. నియమాలు ఎప్పుడో మారాయి. మిల్లులో పని చెయ్యనివాళ్లు కూడా పరీక్షకి రావచ్చు. ఇప్పుడు వచ్చినవాళ్లు తమకి ఇష్టమైన ఏ మాటలోనైనా మాట్లాడవచ్చు.

అయితే ఆ నాలుగేళ్లలో ఇంకో సంగతి కూడా జరిగింది. సిరిసిల్ల మాట మాట్లాడితే అక్కడ సీటు ఖాయమని ఎలాగో పుకారు పుట్టింది. హైదరాబాద్‌లో దానికి శిక్షణ కేంద్రాలు కూడా వెలిశాయి. పల్లెల్లో ముసలివాళ్లతో మాట్లాడే డాక్టర్ల కోసం ఉరుకుందమ్మ ఒక తిరగేసిన పట్టీని తయారుచేసింది. అది ఇంగ్లీషుని ఊరి యాసలోకి మారుస్తుంది. నగరాల పిల్లలు దాన్ని కొనుక్కుని, కంటికి కనిపించకుండా మెడ మీద అంటించుకోవడం మొదలుపెట్టారు. ఈ సంగతి విద్యాలయం దాకా ఇంకా రాలేదు.

ఆమె అలా కూర్చున్న మొదటి రోజు మధ్యాహ్నం కైరా అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి వచ్చింది. నిలువు కాలర్ చొక్కా వేసుకుంది. చట్రంలో పోగుని చూసి చెప్పడం మొదలుపెట్టగానే ధనరాజు కళ్లు మెరిశాయి. అంత తేటగా ఉంది ఆ మాట. హన్విక మాత్రం కుర్చీలో కదిలింది. ఆ అమ్మాయి "జర ఆగుండ్రి, చెప్తున్న గద" అంటోంది. వాక్యం మొదట్లో "అగో" అంటోంది, సాగదీసి, తర్వాత చిన్నగా ఊపిరి పీల్చి. అలా అనేది సిరిసిల్ల మొత్తం మీద ఒక్క మనిషే. అప్పట్లో ఉరుకుందమ్మ రికార్డు చేసుకుంటుంటే పదకొండు రోజులు ఆమె స్టూలు పక్కన నిలబడి తాను మాట్లాడిన మాటలు ఇంకొకరి గొంతులోంచి తన ఎదుటికే వస్తున్నాయని హన్వికకి అర్థమైంది.

ఆమెకి కోపం రాలేదు. నవ్వు వచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

"బిడ్డా, జర పట్టీ తీసి మాట్లాడు," అంది.

కైరా చెయ్యి కాలర్ దగ్గరికి వెళ్లి ఆగింది. మొహం పాలిపోయింది. పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. తడబడుతూ, ముక్కలు ముక్కలుగా తెలుగులో చెప్పింది, తమ ఇంట్లో అమ్మా నాన్నా అందరూ ఇంగ్లీషే మాట్లాడతారని, తనకి ఇంకేమీ రాదని. తప్పు చేసినదానిలా తల వంచుకుని, వెళ్లిపోవడానికి కుర్చీ వెనక్కి జరిపింది.

ధనరాజు హన్విక వైపు చూశాడు. ఆమె మెడ మీద ఆ రోజు పట్టీ లేదు. ప్రయోగశాలలో సాంచ చప్పుడుకి అడ్డమని పొద్దునే తీసి పెట్టింది. ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆన్చి, మాటమాటకీ ఆగుతూ, సిరిసిల్ల సాగదీతతోనే ఇంగ్లీషులో అంది.

"సిట్ డౌన్, బిడ్డా. ఇంగ్లీష్ ఈజ్ యువర్ హోమ్. సో టెల్ ఇన్ యువర్ హోమ్ లాంగ్వేజ్. స్లో. ఐ విల్ అండర్‌స్టాండ్."

కైరా కూర్చుంది. మొదట రెండు వాక్యాలు వణికాయి. తర్వాత చెయ్యి చట్రం మీదికి వెళ్లింది, మాట దారిన పడింది. పోగు ఎక్కడ మూల్గుతోందో, ఎందుకు మూల్గుతోందో ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ పిల్లకి పని తెలుసు. దొంగ మాట లేకపోయినా సీటు వచ్చి ఉండేది.

హన్వికకి అందులో రెండు మాటలు అర్థం కాలేదు. వాటిని అక్కడే అడిగి, మళ్లీ చెప్పించుకుని, కాగితం మీద రాసుకుంది.